ముట్టినట్టు సంతకం

జైలు డాక్టరు రిపోర్టు బుధవారం మధ్యాహ్నం పోస్టులో వచ్చింది. పోస్ట్‌మన్ మెట్లెక్కి పైకి రాడు. కింద ఫొటోఫ్రేముల షాపులో ఇచ్చేసి చక్కా పోతాడు. ఎదురుగా టీకొట్టు బెంచీ మీద ఒక మనిషి కూర్చుని, పైకెక్కినవాళ్ల వివరాలు రాసుకుంటుంటాడు మరి. రెండేళ్లుగా వస్తున్నాడు, ఆదివారాలు కూడా మానడు. ఆఫీసులో అతన్ని 'బావగారు' అంటారు. వకీలు పెట్టిన పేరది. "పిలవకుండా వచ్చిన చుట్టం, మర్యాదకి లోటు రాకూడదు కదా" అంటాడు.

కవరు పైకి తెచ్చింది పిన్ని. ఆఫీసులో అందరికీ ఆవిడ పిన్నే. ఇరవయ్యారేళ్లు బ్యాంకులో చేసింది. చేసినన్నాళ్లూ పని ఒకటే, చెక్కు మీది సంతకాన్ని కార్డు మీది సంతకంతో పోల్చి చూడటం. రిటైరైన ఆరు నెలలకి ఇక్కడ చేరింది. "మనవల్ని ఎత్తుకునే వయసులో ఖైదీల్ని నెత్తిన పెట్టుకుంటానంటావేమే" అన్నాడు వాళ్లాయన. అన్నాడే గానీ, మొదటిరోజు బస్సు దాకా వచ్చి ఎక్కించింది ఆయనే.

ఖైదీల తరఫున పనిచేసే ఈ సంస్థకి రెండు గదులు. పోలీసులు రెండుసార్లు వచ్చి కంప్యూటర్లు పట్టుకుపోయారు. రిజిస్ట్రేషన్ రద్దయింది. బోర్డు పీకేశారు. గోడ మీద బోర్డు ఉన్నంత మేర సున్నం తెల్లగా మిగిలింది. ఇప్పుడంతా కాగితం మీదే నడుస్తోంది.

ప్రత్యేక చట్టం కింద పట్టుకెళ్లినవాళ్లకి ములాఖత్ లేదు, ఉత్తరం లేదు, ఫోను లేదు. సంస్థ రెండేళ్లు కోర్టు చుట్టూ తిరిగి సాధించింది ఒక్కటే. ప్రతి గురువారం ఇంటివాళ్లు గేటు దగ్గర ఒక సంచి ఇవ్వొచ్చు. సంచిలో ఏమున్నాయో ఒక ఫారం మీద రాయాలి. లోపల ఖైదీ వాటిని చూసుకుని, కింద 'ముట్టినవి' అని రాసి సంతకం చెయ్యాలి. ఆ కాగితం గేటు దగ్గర వెనక్కిస్తారు. ఇంటివాళ్లు దాన్ని ఆఫీసుకి తెస్తారు. పిన్ని పాత సంతకం పక్కన పెట్టి చూసి, "మీవాడే" అంటుంది. ఆ ఒక్క మాట కోసం ముసలివాళ్లు కూడా రెండంతస్తులు ఎక్కి వస్తారు. సంతకం ఉందంటే మనిషి ఉన్నట్టు. వేరే దారి లేదు. ఆ వారానికి నలభై మూడు ఫైళ్లున్నాయి.

ఇరవై ఎనిమిదో ఫైలు లైన్‌మన్‌ది.

అతను కరెంటు లైన్‌మన్. ఒకరోజు సాయంత్రం స్టేషన్ వెనక స్తంభం ఎక్కి ఫ్యూజు మారుస్తూ పెరట్లోకి చూశాడు. ఇద్దరు పోలీసులు ఒకణ్ణి దుప్పట్లో మోసుకొచ్చి జీపులో వేశారు. ఆ కాళ్లు కదల్లేదు. మర్నాడు పేపర్లో కాలేజీ కుర్రాడు స్టేషన్ నుంచి పారిపోయాడని వచ్చింది. లైన్‌మన్ మూడు రోజులు ఊరుకున్నాడు. నాలుగో రోజు డ్యూటీ దిగి, బెల్టు నడుముకే ఉండగా ఈ మెట్లెక్కాడు. చెప్పింది చెప్పినట్టు రాసింది పిన్నే. పేరు వెయ్యమంటారా అని మూడుసార్లు అడగటం సంస్థలో పద్ధతి. మూడుసార్లూ అడిగింది.

"స్తంభం మీద ఉన్నది నేనొక్కణ్ణే కదండీ. పేరు వెయ్యకపోతే మాత్రం తెలీదా వాళ్లకి?" అని నవ్వాడు.

పదకొండో రోజున అతన్ని తీసుకెళ్లారు. ఆ వాంగ్మూలం కింది సంతకమే పిన్ని ఫైల్లో నమూనా అయింది.

లైన్‌మన్ తల్లి బట్టలు కుడుతుంది. కొడుకు వెళ్లాక కోడలు పిల్లని తీసుకుని పుట్టింటికి పోయింది. ఆవిడా, మిషనూ మిగిలారు. సంచిలో ప్రతిసారీ ఏదో ఒకటి తన చేత్తో కుట్టింది పెట్టేది. మొదటి ఏడు వారాలూ సంతకాలు ఒక్కలాగే వచ్చాయి. కలం నొక్కిపెట్టి ఒక్క ఊపులో చేసిన సంతకం. ఎనిమిదో వారం వచ్చింది వేరు. ఆకారం అదే గానీ గీత మెల్లగా నడిచింది. రెండుచోట్ల ఆగింది. ఆగినచోట సిరా ముద్దయింది.

బ్యాంకులో అలాంటి చెక్కు వస్తే పిన్ని రెండోసారి చూసేది కాదు. మెల్లగా నడిచిన గీత దొంగగీత. చూసి గీసిన గీత. కానీ ఇక్కడికొచ్చాక మూడేళ్లలో ఆవిడ చూసినవి విరిగిన వేళ్లు, వాచిన మణికట్లు, గోళ్లు లేని చేతులు. ఆ చేతులతో చేసిన సంతకాలు కూడా ఇలాగే ఆగి ఆగి నడుస్తాయి. కాబట్టి ఆవిడకి కాగితం మీద దెబ్బతిన్న చెయ్యి కనబడింది. తొమ్మిదో వారం కూడా అలాగే వస్తే, "చేతికి దెబ్బ తగిలినట్టుంది" అని వకీలుకి చూపించింది. వకీలు చూసి తలూపాడు. అంతకుముందు ఏడాది ఒక పెయింటరు కుడిచేతి వేళ్లు విరగ్గొట్టినప్పుడు వేసిన పిటిషన్ ఉంది. దాన్నే చూసి, పేరు మార్చి, వైద్యపరీక్ష చేయించాలని కోర్టులో పిటిషన్ వేశారు. తల్లికి మాత్రం పిన్ని, "మీవాడే. చెయ్యి కాస్త నొప్పిగా ఉన్నట్టుంది, డాక్టర్ని అడిగాం" అని చెప్పింది.

కోర్టు నోటీసివ్వడానికి మూడు వారాలు పట్టింది. జైలు జవాబు చెప్పడానికి ఇంకో నాలుగు.

ఇప్పుడు ఆ జవాబే కవర్లో ఉంది. ఒక్క పేజీ. పిన్ని నిలబడే చదివింది. ఖైదీకి రెండు చేతులూ ఆరోగ్యంగా ఉన్నాయి. పిటిషన్‌లో చెప్పిన కుడిచేతిని ప్రత్యేకంగా పరీక్షించాం. ఖైదీ చేత కుడిచేత్తో పదిహేను పంక్తులు రాయించాం. ఏ ఇబ్బందీ లేకుండా రాశాడు.

ముందు ప్రాణం కుదుటపడింది. తర్వాత తన మీద తనకే విసుగొచ్చింది. పెయింటరు పిటిషన్‌లోని కుడిచెయ్యిని మార్చకుండా అలాగే వదిలేశారు. లైన్‌మన్ రాసేది ఎడమచేత్తో కదా. ఈ కుర్చీలోనే కూర్చుని, కాగితం అడ్డంగా తిప్పుకుని సంతకం చేశాడు. రాసింది రాసినట్టు అరచేతి అంచుకి అంటుకుంటుంటే, "స్కూల్లో కూడా ఇదే గోలండీ" అన్నాడు.

అప్పుడు కూర్చుంది.

ఇరవై ఎనిమిదో ఫైలు తీసింది. వాంగ్మూలం మీద సంతకం చివర్న సిరా చెదిరిన మరక ఉంది. మొదటి ఏడు కాగితాల మీదా అదే మరక, అదే వైపు. ఎనిమిదో దాని మీద లేదు. తొమ్మిది నుంచి పదహారు దాకా దేని మీదా లేదు. ఇంకొకటి కూడా కనబడింది. తొమ్మిది కాగితాల్లో సంతకం వారం వారం బాగుపడుతూ వచ్చింది. అది చెయ్యి నయమవటం అనుకుంది ఇన్నాళ్లూ. కాదు, ఎవరో ఆ సంతకం నేర్చుకోవటం.

వకీలు కోర్టు నుంచి వచ్చేసరికి నాలుగైంది. పిన్ని వాంగ్మూలంతో కలిపి పదిహేడు కాగితాలూ బల్ల మీద వరసగా పేర్చి, పక్కన రిపోర్టు పెట్టింది. అతను చదివాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని ఇంకోసారి చదివాడు.

"వేరేవాణ్ణి కూర్చోబెట్టి రాయించారు," అన్నాడు.

"లేదా ఎవర్నీ కూర్చోబెట్టకుండానే రాసేశారు."

"ఎనిమిదో వారం నుంచీనా?"

"ఏడుకీ ఎనిమిదికీ మధ్య," అంది పిన్ని. "బ్యాంకులో అయితే ఈ చెక్కు మొహాన కొట్టేదాన్ని. ఇక్కడికొచ్చి చూపు పోయింది నాకు."

"నేనూ చూశాను కదా పిన్నీ. సరే అన్నాను కదా."

"నువ్వు నా మాట విన్నావు. చూసింది నేను." రిపోర్టు బోర్లా తిప్పి పెట్టి అడిగింది. "ఎవరూ రాని శవాన్ని ఎన్నాళ్లుంచుతారు?"

అతనికి తెలుసు, ఆవిడకీ తెలుసు. అయినా చెప్పాడు. "నెల రోజులు. తర్వాత దిక్కులేనిదని రాసి మున్సిపాలిటీకి ఇచ్చేస్తారు."

ఎనిమిదో వారంలో అడిగి ఉంటే నెల గడిచేది కాదు. తొమ్మిదో వారంలో అడిగినా గడిచేది కాదు. ఆ లెక్క ఇద్దరూ ఎవరికి వారు వేసుకున్నారు.

వకీలు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సోమవారం పిటిషన్ వేస్తాను. మనిషిని కోర్టులో హాజరుపరచమని. దానికి నాకు రేపటి రసీదు కావాలి. ఇదే గురువారం కూడా అతను సంతకం చేశాడని వాళ్లే ఇచ్చిన కాగితం నా చేతిలో ఉండాలి. అప్పుడు బదిలీ చేశాం, పారిపోయాడు అని కథలు చెప్పలేరు."

"రేపు ఆవిడ సంచి పట్టుకుని క్యూలో నిలబడాలంటావు."

"నిలబడాలి. ఏమీ తెలియనట్టు నిలబడాలి. అందుకని చెప్పకండి."

"రిపోర్టొచ్చిందా అని అడుగుతుంది. వారం వారం అడుగుతోంది."

"చేతులు బాగున్నాయని రాశారని చెప్పండి. అబద్ధం కాదుగా. పైగా మనకి రెండో ఆధారం కూడా లేదింకా."

ఆ పద్ధతి పెట్టింది పిన్నే. చావు కబురుకి రెండు ఆధారాలు ఉండాలి. ఒకసారి ఒక ఆధారం మీదే ఒకావిడకి చెప్పేశారు. పందొమ్మిది రోజులకి ఆ మనిషి కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. అప్పటికే పెళ్లాం అతని పనిముట్లన్నీ తోటివాళ్లకి పంచిపెట్టేసింది. అది జరిగాక పిన్ని గోడ మీద కాగితం అంటించింది, 'రెండు' అని. ఇంకేం రాయలేదు దాని మీద.

"మిగతా నలభై రెండు సంచుల సంగతి?" అడిగింది.

"జైలువాళ్లు ఆపేయొచ్చు," అన్నాడు వకీలు. "కేసు వేస్తే ఆపేయొచ్చు. వెయ్యకపోతే ఈ సంతకాలు ఎవరివో మనకి ఎప్పటికీ తెలీదు. మీరే చెప్పండి ఏం చెయ్యమంటారో."

"వెయ్యి," అంది.

మర్నాడు ఎనిమిదిన్నరకి లైన్‌మన్ తల్లి వచ్చింది. ఫారాలు ఆఫీసులోనే ఇస్తారు కాబట్టి గురువారం పొద్దున్నే అందరూ ఇక్కడికొచ్చి, ఇక్కణ్ణుంచి గేటుకి వెళ్తారు. బెంచీ మీద అప్పటికే ఐదుగురున్నారు. ఆవిడ వస్తూనే ఒకావిణ్ణి కొంచెం జరగమని, జరిగినా కూర్చోకుండా తిన్నగా పిన్ని బల్ల దగ్గరికొచ్చింది.

"కింద మీ బావగారు నన్ను చూసి లేచి నిలబడ్డాడు వదినా. సంచి చూసి, బరువుగా ఉందా అనడిగాడు. కాస్త మొయ్యి నాయనా, ఎలాగూ అక్కడికే వస్తావుగా అన్నాను. మళ్లీ కూర్చున్నాడు." బెంచీ మీద నవ్వారు. ఆవిడ పిన్ని మొహంలోకి చూసింది. "ఏంటలా ఉన్నావు? అన్నయ్యగారితో గొడవైందా?"

"లేదు వదినా."

"రిపోర్టొచ్చిందా?"

"వచ్చింది. చేతులు బాగున్నాయని రాశారు."

"హమ్మయ్య," అంది ఆవిడ. అని సంచి బల్ల మీద పెట్టి, పైనున్న చొక్కా తీసి విప్పి చూపించింది. నీలం గళ్ల చొక్కా. "నొప్పి చేత్తో బొత్తాలు పెట్టుకోలేడేమోనని ఈసారి కాజాలు వదులు చేశాను. అనవసరంగా చేశాను చూడు. కిందటి వారమే రాయకూడదా ఆ డాక్టరు."

పిన్ని లేచింది. "లోపలికి రా వదినా."

లోపలి గదిలో బీరువా, స్టవ్వు, నీళ్ల కుండ, రెండు స్టూళ్లు. పిన్ని తలుపు వేసింది.

"మీవాడు ఏ చేత్తో రాస్తాడు?"

"ఎడమచెయ్యి. బళ్లో చేతి మీద కొట్టారు కూడా, మారలేదు. ఏం?"

పిన్ని రిపోర్టు ఆవిడ చేతికిచ్చింది. లైన్‌మన్ తల్లి ఏడు దాకా చదువుకుంది. చదవటం వచ్చు గానీ వేలు పెట్టి చదువుతుంది. వేలు మొదటి వాక్యం దాటింది. రెండోది దాటింది. మూడో వాక్యం మధ్యలో ఆగింది. మళ్లీ వెనక్కొచ్చి అదే వాక్యం మొదటి నుంచీ నడిచి, మళ్లీ అక్కడే ఆగింది.

బయట బెంచీ మీద ఎవరో దగ్గారు.

"ఎప్పట్నించి?" అంది.

"ఎనిమిదో వారం నుంచి."

"ఎనిమిదో వారం నువ్వు మీవాడే అన్నావు కదా."

"అన్నాను."

"కిందటి వారం కూడా అన్నావు."

"అన్నాను వదినా. సంతకం తేడా కనబడింది. చెయ్యి బాగా లేక అనుకున్నాను. నేను పట్టుకోవాల్సింది, పట్టుకోలేదు. అప్పుడే పట్టుకుంటే కనీసం..." అక్కడ ఆగింది. నిన్నటి నుంచీ ఈ వాక్యం తయారు చేసుకుంటూనే ఉంది. చివరిదాకా ఒక్కసారీ రాలేదు. "కనీసం మనిషినైనా ఇంటికి తెచ్చుకునేవాళ్లం. నెల దాటితే ఉంచరు."

లైన్‌మన్ తల్లి కాగితాన్ని మడతల మీదే మడిచింది. తిట్టలేదు. తిడితే బావుణ్ణనిపించింది పిన్నికి.

"ఇంకా ఖాయంగా తెలీదు," అంది పిన్ని. "రెండో ఆధారం లేదు. చెప్పొద్దనుకున్నాం. చెప్పకుండా నిన్ను క్యూలో నిలబెట్టలేకపోయాను."

"ఇవాళ కూడా నిలబడాలా?"

వకీలు అన్నదంతా పిన్ని చెప్పింది. సోమవారం సంగతి, రసీదు సంగతి. ఆవిడ చివరిదాకా విని, చెయ్యాల్సిన పని అర్థం చేసుకునే మనిషిలా అడిగింది. "ఏడవకూడదు. అంతేనా?"

"అంతే."

"ఎంతసేపు?"

"నాలుగు గంటలు. ఒక్కోసారి ఐదు."

"ఫారం ఇవ్వు."

స్టూలు మీద పెట్టుకుని రాసింది. చొక్కా ఒకటి. బనీన్లు రెండు. తువ్వాలు. సబ్బు. పళ్లపొడి. రాసిచ్చి, కుండలో నీళ్లు ముంచుకుని తాగి, గ్లాసు కడిగి బోర్లించింది.

"నేనూ వస్తాను," అంది పిన్ని.

"సంస్థవాళ్లు క్యూలో నిలబడకూడదన్నారుగా. నోటీసు కూడా అంటించారు."

"చుట్టాలు నిలబడొచ్చు."

క్యూ గోడ నీడలో మొదలై ఎండలో ముగుస్తుంది. వాళ్లకి ఎండ భాగం దొరికింది. ముందున్న ముసలాయన గంటకోసారి వెనక్కి తిరిగి, కదిలిందా అని అడుగుతున్నాడు, తనే ముందున్నా. లైన్‌మన్ తల్లి ప్రతిసారీ, "కదుల్తుంది బాబాయ్, జైలెక్కడికీ పోదు" అని జవాబు చెప్పింది. పిన్ని ఆవిడ గొంతే వింటూ నిలబడింది. గొంతులో తేడా లేదు. సంచి మాత్రం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకోలేదు, నాలుగు గంటలూ.

కిటికీ దగ్గర జవాను సంచి దులిపి చూశాడు. సబ్బు ముక్కలు చేశాడు. పిన్నిని చూసి, "ఈవిడెవరు?" అన్నాడు.

"మా వదిన."

"అన్న పెళ్లామా, ఆడబిడ్డా?"

"నీకు సంబంధం గానీ కావాలా నాయనా? మావాళ్లలో పెళ్లికి పిల్లలెవరూ లేరు."

జవాను నవ్వాడు. వయసులో లైన్‌మన్ కంటే చిన్నవాడిలా ఉన్నాడు. చొక్కా పైకెత్తి చూసి, "ఆ, మీవాడు చెప్పమన్నాడట. చేతులు పొట్టిగా వస్తున్నాయట. మూడు వేళ్లు పొడుగు పెట్టమన్నాడు" అన్నాడు.

పిన్ని ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

లైన్‌మన్ తల్లి చొక్కా వైపు చూసింది. "భుజాలు సరిపోయాయటనా?"

"నేనేమన్నా టైలర్నా అమ్మా? లోపల బ్యారక్ వాడు చెప్పింది నీకు చెప్పాను. పక్కకి నిలబడు."

ముప్పావుగంటకి కాగితం వచ్చింది. 'ముట్టినవి'. కింద సంతకం. ఒక్క ఊపులో వచ్చిన గీత, ఎక్కడా ఆగలేదు. పిన్ని పక్కనే ఉన్నా ఆ కాగితాన్ని తల్లే చూసింది, చాలాసేపు. తర్వాత మడిచి రవికెలో పెట్టుకోబోయి, మానేసి పిన్నికిచ్చింది.

"సోమవారం దాకా నీ దగ్గరే ఉండనీ. నా దగ్గరుంటే చింపేస్తానేమో."

బస్టాపు గేటుకి ఎదురుగానే ఉంది. బెంచీ ఖాళీ లేదు. రేకు కింద నిలబడ్డారు.

"మూడు వేళ్లు," అంది లైన్‌మన్ తల్లి. ఎడమచేతి మీద కుడిచేతి మూడు వేళ్లూ ఆనించి, మణికట్టు కింద నుంచి కొలిచి చూసుకుంది. "మావాడు ఐదడుగుల ఐదు. చేతికి మూడు వేళ్లు తేడా అంటే, ఈ సంతకాలు పెట్టేవాడు ఆరడుగుల దగ్గరగా ఉంటాడు. భుజాల గురించి అనలేదు. సన్నగా ఉంటాడు."

పిన్ని ఆ మూడు వేళ్ల వైపే చూసింది.

"ఇన్ని వారాలూ బట్టలన్నీ వాడే కట్టాడు. కిందటి వారం వరకూ అడగలేదు పొట్టిగా ఉన్నాయని. ఇప్పుడు అడిగాడు." దూరంగా బస్సు కనబడింది. "ఊరికే అడిగి ఉండడు వదినా. చేతులు పొట్టివైతే మడుచుకుంటారు గానీ, జవాను చేత కబురు పెట్టరు. అమ్మకి కొలతలు తెలుసని తెలుసు వాడికి."

"అంటే తను మీవాణ్ణి కాదని చెప్పాడంటావా?"

"వాడికి కుదిరినట్టు చెప్పాడు." అదీ రెండో ఆధారమేనని పిన్నికి అప్పుడు తట్టింది. లైన్‌మన్ తల్లి ఇంకా మాట్లాడుతూనే ఉంది. "మీ దగ్గర కనబడకుండా పోయినవాళ్ల లిస్టు ఉంది కదా. పోలీసులు మా దగ్గర లేరని చెప్పినవాళ్లది. అందులో ఎత్తు రాస్తారా?"

"రాస్తాం."

"చూడు మరి. వాళ్లమ్మ ఎక్కడో వెతుక్కుంటూ ఉంటుంది."

బస్సొచ్చి ఆగింది. ఎక్కేవాళ్లు ఎక్కారు. ఆవిడ కదల్లేదు. బస్సు వెళ్లిపోయింది.

"ఇక ఏడవొచ్చా?" అంది.

పిన్ని రోడ్డు అవతలికి చూసింది. కిటికీ దగ్గర జవాను ఇటే చూస్తూ సంచులు లెక్క పెట్టుకుంటున్నాడు. గేటు పక్కన చెట్టు కింద బావగారు నిలబడి పుస్తకంలో రాసుకుంటున్నాడు.

"ఇక్కడ కాదు వదినా. ఆ మలుపు తిరిగాక."

మలుపు దాకా రెండొందల అడుగులు ఉంటాయి. పక్కపక్కనే నడిచారు. పిన్ని ఖాళీ సంచి తను తీసుకోబోయింది. ఆవిడ ఇవ్వలేదు. సగం దూరంలో ఎదురుపడిన ఎవరో తెలిసినావిడ, సంచి తీసుకున్నారా అని అడిగింది. లైన్‌మన్ తల్లి, "తీసుకున్నారమ్మా" అని చెప్పి, అడుగు ఆపకుండా నడిచింది.